మాతృభాషా విద్యయు సంప్రదాయ విజ్ఞానమును: సవర బడి చెప్పు పాఠము

బాలునకు మాతృభాషలో విద్య గరపవలెనను సిద్ధాంతమును కాదనువారు నేడు మన దేశమున అరుదు. 1956లో ఏడవ సవరణముచే రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములను కోరినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము సాధ్యమైనంతవరకు బోధన మాతృభాషయందే జరుగవలెనన్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము కనీసము అయిదవ తరగతివరకు, వీలైనచో ఎనిమిదవ తరగతివరకు ఇంటిభాషయే బోధనభాష కావలెనన్నది. సిద్ధాంతమున ఇంతటి ఏకాభిప్రాయము గల విషయము ఆచరణమున ఇంత దుర్బలముగ నుండుటకు కారణమేమి?

ధనము చాలదనియు, ఉపాధ్యాయులు దొరకరనియు, పుస్తకములు లేవనియు సమాధానములు చెప్పుట కద్దు. ఇవి అన్నియు నిజములే. కాని లోపము ఆచరణమునందే కాక, మనము సిద్ధాంతమును అర్థము చేసికొన్న తీరునందును కలదని నా అభిప్రాయము. ‘ఏ భాషలో చెప్పవలెను?’ అను ప్రశ్నను మనము పలుమారులు వేసికొంటిమి. ‘ఆ భాష మాటలాడువారినుండి బడి ఏమి తెలిసికొనవలెను?’ అను ప్రశ్నను వేసికొనలేదు. రెండవ ప్రశ్న లేని మొదటి ప్రశ్న మాతృభాషను నిచ్చెనగ మార్చును. పిల్లవాడు మేడ యెక్కువరకే నిచ్చెనతో పని. ఎక్కిన పిదప దానిని తీసి ప్రక్కకు పెట్టుదురు. ఈ మాట ఎంతవరకు నిజమో, తెలుగుదేశమునను దాని సరిహద్దులయందును వేర్వేరు కాలములలో జరిగిన మూడు ప్రయత్నములను పరిశీలించి నిర్ణయింపవచ్చును.

మొదటిది గిడుగు వేంకట రామమూర్తిగారి (1863–1940) సవరభాషాకృషి. ఆయన జన్మదినమగు ఆగస్టు 29ని మనము తెలుగు భాషా దినోత్సవముగ జరుపుకొనుచున్నాము. ఆనాటి ఉపన్యాసములలో సవరల ప్రసక్తి సాధారణముగ ఒక్క వాక్యముతో ముగియును. అదియు గిడుగువారి దయాగుణమునకు నిదర్శనముగనే. కాని కాలక్రమమును గమనించినచో ఆయన జీవితమున సవర ముందు, వాడుక తెలుగు తరువాత. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైన రామమూర్తిగారు కొండలనుండి దిగివచ్చు సవరల మాట విని, తెలుగు తెలిసిన ఒక సవరను ఇంటనుంచుకొని ఆ భాషను అభ్యసించిరి. పిదప సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పు బడులను సొంత ఖర్చుతో నడిపిరి. మద్రాసు ప్రభుత్వము పారితోషికము నీయజూపగా, ఆ సొమ్మును సవరల బడికి వినియోగింపుడని కోరిరి. మన్యపు జ్వరమునకు వాడిన క్వినైను వలన ఆయన వినికిడి పోయినది. చెవితో నేర్చిన భాషకు చెవినే మూల్యముగ చెల్లించిన పండితుడు మనకు మరియొకడు లేడు. 1931లో ఆయన సవర వ్యాకరణమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువడినవి.

ఈ కృషిలో విద్యాదృష్టితో గమనింపదగిన విషయము ఒకటి కలదు. గిడుగువారు సవర బడికి గురువులగుటకు పూర్వము సవరకు శిష్యులైరి. లిపిలేని భాష అని, కొండవారి భాష అని లోకము తక్కువగ చూచిన దానిలో సమగ్రమైన వ్యాకరణవ్యవస్థ కలదని ఆ శిష్యరికము ఆయనకు తెలిపినది. సవర ముండా కుటుంబమునకు చెందినది. తెలుగుతో దానికి జన్యసంబంధము లేదు. కర్మపదమును క్రియలోపల ఇముడ్చుకొని ఒక్క మాటగ పలుకు నేర్పు దానికి కలదు. తెలుగున రెండు మూడు మాటలతో చెప్పవలసినది అందు ఒక్క క్రియారూపముచే చెప్పవచ్చును. ఇట్టి భాషను చదువురానివారు తప్పులేక మాటలాడుచుండుట చూచినవానికి, చదువురాని తెలుగువాని మాటయు వ్యాకరణబద్ధమే యని గ్రహించుట కష్టము కాదు. 1906 ప్రాంతమున ఆయన చేపట్టిన వ్యావహారికభాషావాదమునకు జె. ఏ. యేట్సు, గురజాడ అప్పారావు, పి. టి. శ్రీనివాస అయ్యంగారు మొదలైనవారి సాహచర్యము కారణమని చరిత్రకారులు చెప్పుదురు. అది నిజమే, కాని దానికి సవర కొండలలోని శిష్యరికము పునాది యని నేను భావించుచున్నాను.

ఈ సత్యమును మరచుట వలన మనకు కలిగిన నష్టము చిన్నది కాదు. వ్యావహారికోద్యమము విజయము నొందిన పిదప తెలుగు పండితలోకము ‘చేయుచున్నాడు’ అనవలెనా ‘చేస్తున్నాడు’ అనవలెనా అను రూపచర్చయందే ఆగిపోయినది. వాడుకభాషకు గౌరవ మిచ్చుట యనగా వాడుకరులకు తెలిసిన విషయములకును గౌరవ మిచ్చుట యను రెండవ మెట్టును ఎక్కలేదు. గ్రాంథికము వాడుక తెలుగును చూచిన చూపుతోనే తెలుగు సవరను చూచినది. అదే చూపుతో నేడు ఇంగ్లీషు తెలుగును చూచుచున్నది.

రెండవ మెట్టు అనగానేమో ఒక ఉదాహరణమున చూపెదను. తెలుగున ‘పందొమ్మిది’ అనగా పదియు తొమ్మిదియు. సవర భాషలో అదే సంఖ్య పండ్రెండును ఏడును. సవర లెక్కలో పండ్రెండువరకు వేర్వేరు పేర్లు కలవు. పదుమూడు మొదలు పందొమ్మిదివరకు పండ్రెండునకు ఒకటి, రెండు చేర్చుచు పోవుదురు. ఇరువది మరల ఒక కొత్త మెట్టు. ముప్పదిమూడనగా ఇరువదియు, పండ్రెండును, ఒకటియు. తొంబదిమూడనగా నాలుగు ఇరువదులు, పండ్రెండు, ఒకటి. పండ్రెండును ఇరువదిని ఆధారములుగ గొన్న ఇట్టి సంఖ్యావ్యవస్థ ప్రపంచభాషలలో అరుదైనది. భాషాశాస్త్రజ్ఞులు దీనిని ప్రత్యేకముగ పేర్కొనుచుందురు.

సవర బాలుడు ఒకటవ తరగతిలో అడుగిడునప్పటికే ఈ వ్యవస్థ వాని నోట నున్నది. బడిలో లెక్కల పాఠము పదుల కట్టలతో మొదలగును. ఆ పాఠమును సవరలోనికి అనువదించితిమనుకొందము. భాష మారినది, లెక్క మారలేదు. ముప్పదిమూడనగా మూడు పదులు మూడు ఒకట్లని గురువు చెప్పును. ఇరువదియు పండ్రెండును ఒకటియు అని వాని నాలుక చెప్పును. ఈ సంఘర్షణను ఎరుగని గురువు పిల్లవానిని మందమతి యనును. ఎరిగిన గురువు పండ్రెండుల కట్టలను, ఇరువదుల కట్టలను కూడ బల్లమీద పెట్టును. ఒకే రాశిని మూడు విధములుగ విడదీయవచ్చునని చూపును. అప్పుడు స్థానవిలువ యను గణితభావము పిల్లవానికి కంఠస్థపాఠముగ గాక తానే కనుగొన్న విషయముగ తోచును. ఈ పాఠము సవర బాలునకే కాదు, పదులు తప్ప వేరు లెక్క యుండునని ఊహింపని తెలుగు బాలునకును ఉపకరించును. సంప్రదాయ విజ్ఞానమును బడిలోనికి తెచ్చుట యనగా ఇది. గోడమీద విల్లంబుల బొమ్మ వ్రాయుట కాదు.

వ్యవసాయమున నున్నదియు ఇట్టిదే. కొండవాలును రాతికట్టలతో మెట్టుమెట్లుగ మలచి నీటిని పై మడినుండి క్రింది మడికి దింపుచు వరి పండించు సవరల నేర్పును 1955లో వెరియర్ ఎల్విన్ తన గ్రంథమున ప్రశంసించెను. పోడునేలలో చోళ్ళు, సామలు, కొర్రలు, కందులు కలిపి చల్లుటలో ఏ పంట ముందు కోతకు వచ్చునో, ఏది విఫలమైనను ఏది నిలుచునో అను ఆలోచన కలదు. జీలుగు చెట్టు ఎప్పుడు గీతకు వచ్చునో ఎరిగినవానికి ఆ చెట్టు ఎదుగుదల యంతయు తెలియును. నేల కోత, నీటి ప్రవాహము, మిశ్రమపంటలు, వృక్షజీవితము – ఇవి అన్నియు పాఠశాల విజ్ఞానశాస్త్రమున ఉన్న విషయములే. బాలుడు వీనిని తండ్రి వెనుక నడచి నేర్చినవాడు; బడిలో వీనినే పరాయి మాటలలో మొదటిసారి విన్నట్లు వినవలసివచ్చుచున్నది.

లిపి విషయమును ఇచట చెప్పదగును. గొంతులో ఊపిరిని క్షణకాలము ఆపి పలుకు ధ్వని సవరలో ముఖ్యము. దానిని చూపుటకు తెలుగు వర్ణమాలలో గుర్తు లేదు. గిడుగువారు ధ్వనిశాస్త్రసంకేతములను గ్రహించి ఈ చిక్కును పండితుల కొఱకు తీర్చిరి. అయితే సవరలు పండితుల పరిష్కారము కొఱకు ఎదురుచూచుచు కూర్చుండలేదు. 1936లో మాంగేయి గోమాంగో అను సవర ‘సోరంగ్ సోంపెంగ్’ అను లిపిని వెలువరించెను. అందలి 24 అక్షరములును దేవతల పేళ్ళతో ముడివడియున్నవి. 2012లో అది కంప్యూటరు అక్షరములకు ప్రమాణమగు యూనికోడున స్థానము పొందినది. అదే 1936లో ఒరిస్సా రాష్ట్రము వేరుపడి పర్లాకిమిడి అందు చేరగా గిడుగువారు రాజమహేంద్రవరమునకు తరలివచ్చిరి. పాలనాసరిహద్దు సవరలను రెండుగ చీల్చిన ఏటనే ఒక సవర తన జాతికంతకును ఒక లిపిని కూర్చుట గమనింపదగినది. ఈనాడు ఆంధ్రప్రదేశమున తెలుగు లిపిని, ఒడిశాయందు ఒడియా లిపిని ఎదుర్కొనుచున్న ఆ జాతి, 2011 జనాభా లెక్కలలో నాలుగు లక్షలకు పైబడిన భాషీయులను చూపినది. రాజ్యాంగము ఎనిమిదవ షెడ్యూలున ముండా భాషయగు సంతాలీకి 2003 నాటి సవరణముచే స్థానము దొరకినది గాని, సవరకు దొరకలేదు.

రెండవ ప్రయత్నము నిజాం రాజ్యమునందలి ఆదిలాబాదు గోండులది. 1940లో కొమురం భీము నాయకత్వమున జరిగిన తిరుగుబాటు అణగద్రొక్కబడిన పిదప, ఆ అశాంతికి మూలమును తెలిసికొనుటకు ప్రభుత్వము మానవశాస్త్రజ్ఞుడగు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమెండార్ఫును నియోగించినది. 1943లో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము వెలసినది. దేవనాగరిలిపిలో గోండి వాచకములు సిద్ధమైనవి. ఈ పథకమునకు గల విశిష్టత రెండంశములలో నున్నది. బోధించువాడు గోండు, బడితోపాటు భూమి పట్టాల పని కూడ సాగినది. పిల్లవాడు చదివిన చదువు తండ్రి భూమిని కాపాడు కాగితమును చదువుటకు ఉపకరించినది. భాష, భూమి, బడి ఒక్క త్రాట కట్టబడినవి.

కాని ఆ పథకము నిలువలేదు. 1948 తరువాత పాలన మారినది. క్రమముగ గోండి వాచకములు మూలబడినవి. బోధన తెలుగునకు మారినది. రాజు మారినంత మాత్రమున బడి మారుట ఏల? ఆ బడి గోండుల అవసరముపై నిలిచినను, దాని అధికారము హైదరాబాదునుండి వచ్చినది. పైనుండి వచ్చినది పైనుండియే పోయినది. గోండుల వంశగాథలను కిక్రివాద్యముతో పాడు ప్రధానులు తరతరములుగ ఆ జాతికి ఉపాధ్యాయులు. వారి ఉపాధ్యాయత్వమునకు ఏ ప్రభుత్వపు ఉత్తరువును అవసరము కాలేదు, ఏ ఉత్తరువును దానిని రద్దు చేయలేదు. అంతకంటె విచిత్రమైన విషయమొకటి ఈ శతాబ్దమున వెలుగులోనికి వచ్చినది. అదే ఆదిలాబాదు ప్రాంతమున గుంజాల గ్రామమున గోండులు తమ సొంతలిపిలో వ్రాసికొన్న వ్రాతప్రతులు లభించినవి. 2018లో ఆ లిపియు యూనికోడున చేరినది. గోండికి లిపి లేదని తలచి దేవనాగరిని ఎంచుకొన్నవారికి సమీపముననే ఒక లిపి పెట్టెలలో నిద్రించుచుండెను. అడుగక నేర్పుటకు కలుగు ఫలమునకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శన మేమి కావలెను?

మూడవది 2004లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆరంభించిన బహుభాషావిద్య. సవర, కొండ, కువి, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసి ఒడియా అను ఎనిమిది భాషలలో తెలుగు లిపితో వాచకములు వెలువడినవి. మొదటి తరగతిలో ఇంటిభాషకు అధికస్థానమిచ్చి, పై తరగతులకు పోవుకొలది తెలుగును పెంచుట పథకము. ఇది మెచ్చదగిన పని. అంతవరకు అచ్చుముఖము చూడని పలుభాషలు బడిబల్లమీదికి వచ్చినవి. అయినను పథకరచనలోనే నిచ్చెన కనబడుచున్నది. తెలుగు పెరుగవలెను, తల్లిభాష తరుగవలెను. ఇంటిభాషకు అప్పగించిన పని తెలుగునకు దారి చూపి తప్పుకొనుట. పాటలును కథలును ఇంటిభాషలో నుండి, లెక్కలును విజ్ఞానశాస్త్రమును తెలుగుతోనే వచ్చినచో, పిల్లవాడు గ్రహించునది ఒక్కటే: తన భాష ఆటకు, పరాయిభాష జ్ఞానమునకు. మాతృభాషలో చెప్పిన బడియే మాతృభాషపై చిన్నచూపును నేర్పినట్లగును.

ఉపాధ్యాయుల విషయమునను ఇట్టి పొరపాటే జరిగినది. షెడ్యూల్డు ప్రాంతములలోని ఉపాధ్యాయ పదవులన్నియు స్థానిక షెడ్యూల్డు తెగలవారికే చెందునని 2000లో వెలువడిన ఉత్తరువును, నూటికి నూరు పాళ్ళ రిజర్వేషను రాజ్యాంగసమ్మతము కాదని 2020 ఏప్రిలులో సుప్రీంకోర్టు కొట్టివేసినది. తీర్పు మంచిచెడ్డలు న్యాయవేత్తలు చర్చించుచున్నారు. విద్యార్థి పక్షమునుండి చూచినచో వేరొక ప్రశ్న మిగిలియున్నది. సవర పల్లెలో బోధించువానికి సవర రావలెనను నియమమును ఏల ముఖ్యార్హతగ చేయలేదు? ఒక తెగకు చెందిన గురువు వేరొక తెగ పల్లెకు పోయినప్పుడు వానికిని పిల్లవానికిని నడుమ మిగులునది తెలుగే. భాషాజ్ఞానమును ఉద్యోగార్హతగ గౌరవించియుండినచో, ఆ వాదము జన్మముపై గాక విద్యపై నిలిచియుండెడిది.

ఇది కొండవారి సమస్య యని మైదానమునందలి తెలుగువారు తలంపరాదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటమును, వ్యవసాయ పదములతో, వెలువరించినది. చేనేత పదములకు 1971లో వేరొక సంపుటము వచ్చినది. జిల్లాజిల్లాకు పోయి రైతుల నోట, నేతవారి నోట విని కూర్చిన ఆ గ్రంథములు తెలుగు మాండలికశాస్త్రమునకు పునాదులు. పండితులు వానినుండి తెలుగును పూర్వ, మధ్య, దక్షిణ, ఉత్తర మండలములుగ విభజింప నేర్చిరి. కాని ఒక్క నాగలియొక్క భాగములకు ఇన్ని పేర్లున్న జాతి, ఆ పేర్లను బడిలోనికి రానిచ్చినదా? పదకోశము పరిశోధకుని బల్లమీద నిలిచినది. దానిని చెప్పినవాని మనుమడు చదువు వాచకములోనికి దిగలేదు.

కార్తెలను తీసికొనుడు. తెలుగు రైతు సంవత్సరమును ఇరువదియేడు కార్తెలుగ విభజించును. ఒక్కొక్కటి పదుమూడు పదునాలుగు దినములు. ఇది సూర్యుని నక్షత్రగతిపై ఆధారపడిన లెక్క గావున చాంద్రమాన మాసములవలె అధికమాసముచే సరిదిద్ద నక్కరలేదు. రోహిణి మే నెల చివర, మృగశిర జూన్ మొదటివారము దాటగనే వచ్చును. భూమి సూర్యుని చుట్టు తిరుగుచున్నదని వాచకము చెప్పును. ఆ తిరుగుటనే విత్తుటకును నాటుటకును లెక్కగ మార్చిన తాత పిల్లవాని ఇంటనే యున్నాడు. ఈ రెండు వాక్యములను కలుపు గురువు విజ్ఞానశాస్త్రమును చెప్పినవాడగును. కలుపనివాడు ఒకదానిని శాస్త్రమని, వేరొకదానిని మోటుమాటయని నేర్పినవాడగును.

ఇచట ఆక్షేపణలు రెండు కలవు. రెండును ఉపేక్షింపదగినవి కావు. తల్లిదండ్రులే తెలుగును, ఇంగ్లీషును కోరుచున్నారు గదా, వారి భాషను వారిపై రుద్దుట యేల యని మొదటిది. కోరుటకు కారణము స్పష్టము: కచేరిలో, ఆసుపత్రిలో, సంతలో సవరకు విలువ లేదు. పై భాషలు నేర్వవలసినదే, గట్టిగ నేర్వవలసినది. కాని పునాదిని పెరికి గోడ కట్టుట అసాధ్యము. తనకు తెలిసినదానిపై నిలిచినవాడు పరభాషను ధైర్యముతో నేర్చును. తనకేమియు తెలియదని నమ్మింపబడినవాడు రెండింటిని కోల్పోవును.

సంప్రదాయ విజ్ఞానమున మూఢవిశ్వాసములు కలవు గదా యని రెండవది. కలవు. సవరలలో చనిపోయినవారితో మధ్యవర్తి ద్వారా సంభాషించు ఆచారమును పియర్స్ విటెబ్‌స్కీ 1993 నాటి గ్రంథమున వర్ణించెను. యువతరము క్రైస్తవమును స్వీకరించి దానిని విడుచుచున్న తీరును 2017లో వేరొక గ్రంథమున చూపెను. ఆ ఆచారమును బడి నిలుపవలెనని నేను చెప్పుట లేదు. నిలుపుటయో విడుచుటయో సవరల ఇష్టము. బడి చేయవలసినది పరీక్షించుట. ఏ విత్తనము కలియవేసిన నేల బలము నిలుచునో చూడవచ్చును. ఏ ఆకుపసరు పుండును మాన్పునో, ఏది చెరుచునో విచారింపవచ్చును. పరీక్షింపక మెచ్చుటయు అవమానమే, పరీక్షింపక త్రోయుటయు అవమానమే. వాదమునకు యోగ్యమని తలచుటయే ఒక విజ్ఞానమునకు మనము చేయగల నిజమైన గౌరవము.

ఈ మూడు ప్రయత్నములను పోల్చి చూడగా తేలునది యిది. గిడుగువారి కృషిలో గురువు ముందు శిష్యుడైనాడు; అందుచే ఆయన బడులు నేడు లేకున్నను, వ్యాకరణమును నిఘంటువును నిలిచినవి. మార్లవాయిలో బడి ప్రజల భూమితో ముడివడినది. కాని వారి అధికారమున లేదు గావున కూలినది. 2004 పథకము భాషను బడికి తెచ్చినది. భాషతోపాటు రావలసిన లెక్కను, నేలను, చెట్టును తేలేదు. ఈ మూడింటిలోని మేలును ఒకచోట కూర్చిన బడి ఇంకను పుట్టవలసియున్నది.

అందులో విశ్వవిద్యాలయ తెలుగుశాఖలకును బాధ్యత కలదు. గిరిజనభాషలమీదను మాండలికములమీదను మనము సిద్ధాంతగ్రంథములు వ్రాయించుచున్నాము, పట్టములు ఇచ్చుచున్నాము. మాట చెప్పిన మనిషికి ఆ గ్రంథము అందుట లేదు. అతని పిల్లలకు అందులోనుండి ఒక్క పాఠమైనను పుట్టుట లేదు. సేకరించిన ప్రతి పదసంపుటికిని అనుబంధముగ, ఆ పల్లెవారు విని సరిదిద్దిన ఒక్క పాఠమైనను బడికి అందింపవలెనని నియమము పెట్టుకొనినచో, వచ్చు పది సంవత్సరములలో మన పరిశోధనకు వేరు ముఖము వచ్చును. అట్టి పాఠములలో మొదటిది సవర లెక్కల పాఠము కావలెనని నా కోరిక. పండ్రెండు పుల్లల కట్ట ఒకటి, ఇరువది పుల్లల కట్ట ఒకటి, విడిపుల్ల ఒకటి చాలును; దానికి అంతకంటె ఎక్కువ సామగ్రి అక్కరలేదు.